తోక కింది రంగు

జాబ్రియాలో ఆడపిల్లల బడి గోడ పక్కన
సిద్ర్ చెట్టొకటి ఉంది.
మా రేగుకు పినతల్లి బిడ్డ వరస.
కాయ రుచి అదే, ముల్లు వంకర వేరు.
పదకొండున్నరకే బండి దాని నీడలో పెట్టకపోతే
స్టీరింగు పట్టుకోలేం.
బడి విడిచేది ఒకటిన్నరకు.
ఆ రెండు గంటలే నా చదువు.

మొదట్లో అన్నీ ఒకటే పిట్ట అనుకున్నా.
నల్ల తల, మట్టి రంగు వీపు,
తోక చివర సున్నం అద్దినట్టు తెలుపు.
"గదే పిట్ట," అన్నాడు రాజలింగం,
"ఒకటి తానం జేసింది, ఒకటి చెయ్యలే."
వాడిది జగిత్యాల పక్క, నాది రాయచోటి.
నేను సొరకాయంటే వాడు ఆనిగెపుకాయంటాడు,
రూములో ఉడికేది ఒకే గిన్నె.

మూడో వారానికి చెంపలు కనబడినాయి.
ఒకదాని చెంప మీద తెల్ల మచ్చ,
గడ్డం గీసుకుంటా మధ్యలో లేచొచ్చినోడి
బుగ్గ మీద నురగలాగా.
ఇంకోదానికి చెంప లేదు, కుచ్చు ఉంది,
దువ్వెన దొరకని పిల్లోడి నెత్తి.
తోక ఎత్తితే అసలు గుట్టు:
తెల్ల చెంపదానికి పసుపు,
కుచ్చుదానికి కుంకుమ.
(పసుపూ కుంకుమా అని కలిపి అనబోయి ఆగినా.
పిట్టలకెందుకు ఆ బరువు.)

కుచ్చుది మన పిగిలిపిట్టే.
ఎవరో పంజరంలో తెచ్చింటారు,
తలుపు సరిగా పడింది కాదు.
తెల్ల చెంపది ఈ గడ్డదే,
దాని తాతలు ఈ ఖర్జూరాల్లోనే పుట్టినారు.
అయినా శుక్రవారం సంతలో
పంజరంలో పెట్టి అమ్మేది దాన్నే.
మనది కరెంటు తీగ మీద కూర్చుని చూస్తుంటుంది.

పాటలో తేడా చెప్పమంది దానా,
మా బాబా చిన్న కూతురు.
బడికి రాసుకుని పోవాలంట.
చెవి పెట్టి విన్నా.
తెల్ల చెంపది గొంతులో నీళ్ళు పోసుకుని
పుక్కిలిస్తా, మధ్యలో మింగుతా పాడుతుంది.
మనది బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి
సీటు నాదన్నోడి మాదిరి
ముందు అరుస్తుంది, తర్వాత మెత్తబడుతుంది.
ఇదంతా చెప్పేంత అరబ్బీ నాకు రాదు.
"అది నీళ్ళు, ఇది కొట్లాట" అన్నా.
ఆ పిల్ల అట్లే రాసింది.
టీచరమ్మ కొట్టేసిందంట.

మే నెలలో దుమ్ము లేచిన రోజు
బానెట్ మీద తప్పున పడిందొక పిల్ల.
రెక్క ముదరలేదు, ఒళ్ళంతా నోరే.
ఇనుము కాలిపోతోంది. రాజలింగం టోపీ తీసి
అందులోకి తోసినాడు.
చెంప చూసినాం: తెలుపే, కానీ మాసిన తెలుపు.
నెత్తి చూసినాం: కుచ్చు, ఉండీ లేనట్టు.
తోక ఎత్తి చూసినాం.
దోరగా పండిన ఈతకాయ రంగు.
"దీని అకామల ఏం రాస్తర్ర భై" అన్నాడు వాడు.
నవ్వబోయినాం ఇద్దరం. నవ్వు రాలేదు.

టోపీని కొమ్మల సందున ఇరికించి
ఏసీలు ఆపి బండ్లలో కూర్చున్నాం,
చప్పుడుకు తల్లి బెదురుతుందని.
పైన రెండు గొంతులూ ఉన్నాయి,
నీళ్ళూ, కొట్లాటా.
చెమట కంట్లోకి దిగుతున్నా రెప్ప వేయలేదు
ఎవరు కిందికొస్తారో అని.

ఒకటిన్నర. గేటు తెరిచినారు.
వెనక బండ్ల హారన్లు.
దానా ఎక్కి, ఇంత ఉడుకేందని విసుక్కుంది.
అద్దంలో చెట్టు చిన్నదైపోతా ఉండగా
టోపీ అంచు మీద ఒక తోక వాలింది.
ఎండకు ఎదురుగా ఉంది,
పసుపో ఎరుపో తేలలేదు.

మర్నాడు టోపీ ఖాళీ.
లోపల ఇంత రెట్ట, రెండు రేగు గింజలు.
ఎవరో మేపినారు.
రాజలింగం దాన్ని మోకాలికేసి దులిపి
నెత్తిన పెట్టుకున్నాడు.